చిన్నపిల్లలకు జాలి, సాయం చేసే గుణం ఎలా అలవాటు చేయాలి?

"ఐదారేళ్ల పిల్లలకు జాలి, సాయం ఎలా నేర్పాలి, మంచి నీతికథలుంటే చెప్పండి" అని అడిగారు. నా దగ్గర కథల్లేవు. ఒక చెంబు సంగతి చెప్తాను.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. 2018 అక్టోబరు 11న తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. తెల్లారి చూస్తే మా వీధిలో కరెంటు స్తంభాలు ఒరిగిపోయి ఉన్నాయి. కరెంటు లేకపోతే మోటారు లేదు, కుళాయి లేదు. వీధి చివర బోరింగే గతి.

పక్క పెంకుటింట్లో ఒడియా ముసలామె ఒక్కతే ఉండేది. ఆయీ అనేవాళ్లం, ఒడియాలో అమ్మమ్మ అని. మోకాళ్ల నొప్పులు. మా గుంటడికి అప్పుడు ఐదేళ్లు. కాళ్లకు అడ్డం పడుతున్నాడని చేతికో చెంబిచ్చి "ఆయీకి నీళ్లు పోసిరా" అన్నాను. వాణ్ణి వదిలించుకోడానికే, గుణాలు నేర్పుదామని కాదు. చెంబు నిండా పట్టేవాడు, గుమ్మం చేరేసరికి సగమయ్యేది. "ఆయీ, పాణీ!" అని కేక. ఆవిడ బిందె గడప దాకా జరుపుకుని, మూత తీసి పట్టుకుని కూర్చునేది. రెండో రోజు ఒలికిపోకుండా వాడే ఉపాయం కనిపెట్టాడు, చెంబు మీద అరచెయ్యి మూత పెట్టడం. అంతా బురద చెయ్యి. ఆవిడ చూసి కూడా ఏమీ అనకుండా పోయించుకుంది. నేను వెళ్లి పారబోస్తానంటే ఒప్పుకోలేదు.

మూడో రోజు పొద్దున్న నేను మర్చేపోయాను. వాడు పళ్లు కూడా తోముకోకుండా "ఆయీ బిందె అయిపోయుంటుంది" అని లేచాడు.

అందుకే అంటున్నాను, తన కోసం ఒకరు ఎదురుచూసే పని పిల్లాడి చేతికివ్వండి. వేరే దారి లేదు. చేశాక లంచాలు మాత్రం వద్దు. మా అత్తగారు "నా బంగారమే" అని ఓ చాక్లెట్ ఇచ్చారు, ఆ సాయంత్రం నుంచి వాడు చెంబుకో చాక్లెట్ లెక్క కట్టాడు. అది మాన్పించడానికి తల ప్రాణం తోకకొచ్చింది.

ఇంకో మాట. గిడుగు రామమూర్తి గారు ఈ ఊళ్లోనే పంతులుగా ఉంటూ సవర గిరిజనుల భాష నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పించారు. ఏటా ఆగస్టు 29న, ఆయన పుట్టినరోజున, ఆ సంగతి గొప్పగా చెప్పుకుంటాం. మర్నాడు సంతలో సవర ఆడమనిషి దగ్గర కొండచీపురుకి ఐదు రూపాయలు తగ్గించమని పావుగంట పీకుతాం, "ఒసే" అని పిలుస్తూ. పక్కన సంచి పట్టుకుని మన పిల్లలే ఉంటారు. ఇక నీతికథ ఎవరికి చెప్పాలండీ?

ఆయీ తర్వాత బరంపురంలో కొడుకు దగ్గరికి వెళ్లిపోయింది. మావాడు ఇప్పుడు హైస్కూలు. బిందె అందుకోరా అంటే ట్యూషన్ ఉందంటాడు.