కిటికీ ఊచలు వంగిన రోజు

శ్రీకాకుళం

అమ్మాయీ, ఆశీస్సులు.

నీ కథ చదువుతూ మూడో పేజీలో ఆగిపోయాను. నాయనమ్మ కంటికి ‘ఎక్స్‌రే’ తీశారట, డాక్టరు తల అడ్డంగా ఊపాడట, వెంటనే ఆమెను ‘గాఢాంధకారం’ కమ్మేసిందట! మాక్యులా జబ్బుతో వేగుతున్నవాణ్ణి, ఒళ్లు మండదా?

కంటి వెనక ఉండే పొర రెటీనా, దాని నడిమధ్యన ఉండే చిన్న చోటు మాక్యులా. అది చెడితే చూపు నడుమ మసకబారుతుంది, అంచులు మిగులుతాయి. మీ నాయనమ్మ నూతి దగ్గరికి ఒంటరిగా వెళ్లగలదు, బియ్యంలో రాళ్లు ఏరలేదు. గుమ్మంలో ఎవరో నిలబడ్డారని తెలుస్తుంది, మొహం తెలియదు. ఇంత కథ చేతిలో ఉండగా అరిగిపోయిన చీకటిని ఎందుకు అరువు తెచ్చుకున్నావు?

నా సంగతి విను. ప్రూఫులు దిద్దుతుంటే వరసలు మధ్యలో వంగి కనిపించాయి. అచ్చు వంకరగా వేశాడని ప్రెస్సు అబ్బాయిని నానా మాటలూ అన్నాను. తలెత్తి చూస్తే కిటికీ ఊచలూ వంగే ఉన్నాయి.

డాక్టరు దగ్గరికి పోతే కన్ను స్కాను చేశారు. నువ్వు ఎక్స్‌రే అని రాసిన ఆ యంత్రాన్ని ఓసీటీ (ఆప్టికల్ కోహెరెన్స్ టోమోగ్రఫీ) అంటారు. 1991లో దాని గురించి తొలిసారి ప్రచురించారు. అందులో ఎక్స్‌రే లేదు. పరారుణ కాంతిని కంట్లోకి పంపి, ఒక్కో పొర నుంచి అది తిరిగివచ్చే తీరును బట్టి బొమ్మ కడతారు. గడ్డం ఆనించి, నుదురు పట్టీకి నొక్కి, ఒక గుర్తు వంకే చూస్తూ కూర్చోవాలి. కొన్ని సెకన్ల పని. తెరమీద నా రెటీనా, వరద తీశాక కోసుకుపోయిన నాగావళి గట్టులా పొరలు పొరలుగా కనిపించింది. నడుమ ఉండాల్సిన చిన్న గుంట లేదు. అడుగున నీరు చేరి, చెమ్మకు ఉబ్బిన సున్నంలా పైకి లేచింది. బొమ్మలో ఆ నీరు నల్లగా పడుతుంది. కంట్లో ఇంజెక్షన్లు చేశాక, తర్వాతి స్కానులో ఆ నలుపు తగ్గింది. డాక్టరు స్కాను చూసేది ఇందుకు, తల ఊపడానికి కాదు.

వెనకటికి శుక్లాల ఆపరేషన్ గురించి ఇలాగే కళ్లారా చూసి ఒక పేరా రాస్తే, ఓ వారపత్రిక సంపాదకుడు నిలువునా కొట్టేశాడు. పాఠకులకు కన్నీళ్లు చాలునట. కథకు వేయించిన బొమ్మలో ముసలమ్మకు చేతికర్ర కూడా తగిలించాడు! ఇప్పటి కథల పోటీలవాళ్లూ ఆయన శిష్యులే.

అరసవల్లి మొక్కు బాగుంది. గాజుల చప్పుడును బట్టి నాయనమ్మ నిన్ను గుర్తుపట్టిన వాక్యం జోలికి మాత్రం వెళ్లకు. నువ్వడిగిన కలం పేరు సంగతి తర్వాత.

తిరగరాసి పంపేటప్పుడు అక్షరాలు కాస్త పెద్దవిగా రాయి. ఎడమ కన్ను ఇంకా మొరాయిస్తూనే ఉంది.