డాక్టరమ్మను అడగండి: తగ్గినట్టే తగ్గి మళ్లా వచ్చే డైపర్ రాష్

ప్రశ్న: డాక్టరమ్మా, మాది తాడిపత్రి. మా పిల్లోనికి తొమ్మిది నెలలు. నెల కావస్తాంది, డైపర్ కట్టే చోటంతా ఎర్రగా కమిలిపోయి ఉండాది. అంతకుముందు జలుబు, దగ్గు అని చూపిస్తే యాంటీబయాటిక్ సిరప్ రాసిచ్చినారు, అది తాపినంక నీళ్లనీళ్లగా దొడ్డికి పోవడం మొదలుపెట్టినాడు, దాని వెనకే ఈ ఎరుపు. మందులంగడాయన ఒక ట్యూబు ఇచ్చినాడు, పూస్తే రెండ్రోజుల్లో తగ్గుతాది, ఆపితే మళ్లా ముందుకన్నా ఎక్కువ వస్తాది. మా అత్త పౌడరు చల్లమంటాది, మా అమ్మ పసుపూ ఆముదం పూయమంటాది. తొడ సందుల్లో బాగా ఎరుపు, దాని చుట్టూ చిన్న చిన్న పొక్కులు. కడిగేటప్పుడు గుక్కపెట్టి ఏడుస్తాడు, చూడలేకున్నాను. డైపర్ కంపెనీ కూడా మార్చి చూసినాను, ఏం లాభం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ ట్యూబు పూయడం ఆపమ్మా. పారేయొద్దు, పక్కన పెట్టు, డాక్టరుకు చూపించాలి. దాని వెనక చిన్న అక్షరాలతో రాసింది ఎవరితోనైనా చదివించు, బీటామెథసోన్ అనో క్లోబెటసాల్ అనో ఉంటే అది స్టెరాయిడ్. చాలాసార్లు ఒకే ట్యూబులో స్టెరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయాటిక్ మూడూ కలిపి ఉంటాయి. పూయగానే స్టెరాయిడ్ ఎరుపును అణిచేస్తుంది కాబట్టి మనకు తగ్గిపోయినట్టే కనిపిస్తుంది, కానీ కింద ఫంగస్ ఉంటే దానికి ఇంకా బలం చిక్కుతుంది, ఆపగానే రెట్టింపుగా బయటపడుతుంది, నువ్వు రాసింది అచ్చం ఇదే. పైగా చంటిబిడ్డ చర్మం పల్చన, దాని మీద డైపర్ బిగించి కడితే మందు మామూలుకన్నా ఎక్కువగా ఒంట్లోకి పోతుంది. వారాల తరబడి వాడితే చర్మం పల్చబడి చారలు పడతాయి, మరీ ఎక్కువ వాడిన పిల్లల్లో ముఖం గుండ్రంగా ఉబ్బడం, ఎదుగుదల మందగించడం కూడా ఉంటుంది. అందుకే 2018లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి స్టెరాయిడ్ క్రీములు డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అయినా అడిగితే చాలు చేతిలో పెడుతున్నారు, నాకు చాలా కోపం వచ్చే విషయం ఇది. తల్లులను నేనేమీ అనను, బిడ్డ ఏడుస్తుంటే ఎవరైనా దగ్గర్లో ఉన్న అంగడికే పరిగెత్తుతారు.

ఇప్పుడు అసలు సంగతికొద్దాం. మామూలు డైపర్ రాష్ తడి వల్ల, ఒరిపిడి వల్ల వస్తుంది. ఉచ్చ, దొడ్డి రెండూ కలిసి చర్మం మీద చాలాసేపు ఉంటే దొడ్డిలోని బ్యాక్టీరియా ఉచ్చలోని యూరియాను అమోనియాగా మారుస్తుంది, చర్మానికి సహజంగా ఉండే కొద్దిపాటి ఆమ్లగుణం పోతుంది, అప్పుడు దొడ్డిలో ఉండే జీర్ణరసాలు చురుగ్గా పనిచేసి చర్మాన్నే తినేయడం మొదలుపెడతాయి. విరేచనాలప్పుడు ఒక్క పూటలోనే పిర్రలు ఎర్రబడేది అందుకే. ఈ రకం రాష్ ఎక్కువగా డైపర్ తగిలే ఉబ్బెత్తు భాగాల మీద, అంటే పిర్రలు, పొత్తికడుపు కింద, తొడల మీద ఉంటుంది, మడతల లోపల అంతగా ఉండదు.

మీ పిల్లోనికి మడతల్లోనే ఎక్కువ ఉంది, చుట్టూ విడివిడిగా చిన్న పొక్కులున్నాయి, యాంటీబయాటిక్ తాగినంక మొదలైంది, నెలయినా పోలేదు. ఈ నాలుగూ కలిపి చూస్తే నాకు క్యాండిడా అనే ఫంగస్ మీదే అనుమానం. అది చాలామంది పేగుల్లో కొంచెం ఉంటుంది, యాంటీబయాటిక్ వేస్తే దాన్ని అదుపులో పెట్టే మంచి బ్యాక్టీరియా చచ్చిపోయి ఇది పెరుగుతుంది, విరేచనంతో బయటికొచ్చి అప్పటికే కమిలిన చర్మంలో, అదీ వెచ్చగా తడిగా ఉండే మడతల్లో కాపురం పెడుతుంది. మన అనంతపురం ఎండల్లో ప్లాస్టిక్ డైపర్ లోపల ఎట్లా ఉంటుందో నీకు నేను చెప్పాలా. కంపెనీ మారిస్తే పోయేది కాదమ్మా ఇది. ఎంత శుభ్రంగా చూసుకున్నా మూడు రోజుల్లో తగ్గుముఖం పట్టని ఏ డైపర్ రాష్‌నైనా ఫంగస్ ఉందేమోనని చూడాల్సిందే.

ఒక్కసారి పిల్లల డాక్టరుకో చర్మం డాక్టరుకో చూపించు. ఫంగసే అయితే మామూలుగా క్లోట్రిమజోల్ 1 శాతం క్రీము (స్టెరాయిడ్ కలవనిది, ఒట్టిది) రోజుకు రెండుసార్లు వారం పది రోజులు రాస్తారు. ఎరుపు పోయినాక కూడా రెండు మూడు రోజులు పూయాలి, మనవాళ్లు చాలామంది తగ్గింది కదా అని ఆపేసేది ఇక్కడే. మడతలు విప్పి, బాగా ఆరినాక, పల్చగా ఈ క్రీము రాసి, కొంచెంసేపు ఆగి, దాని మీద జింక్ ఆక్సైడ్ క్రీము మందంగా పూయాలి. మందంగా అంటే చర్మం కనపడనంత, గోడకు సున్నం కొట్టినట్టు. పిల్లోని నోట్లో కూడా చూడు, నాలుక మీద, బుగ్గల లోపల తుడిస్తే పోని తెల్ల మచ్చలుంటే అదీ ఇదే ఫంగస్, నీకు పాలిచ్చేటప్పుడు చనుమొనలు మంట పుడుతున్నా అదీ డాక్టరుకు చెప్పు, ఇద్దరికీ ఒకేసారి వైద్యం చేయకపోతే ఒకరి నుంచి ఒకరికి తిరుగుతూనే ఉంటుంది. నోట్లో పూతకు తేనెలో వెలిగారం కలిపి రాసే అలవాటు మన పక్క ఇంకా ఉంది, దయచేసి ఆ పని చేయొద్దు, వెలిగారం పిల్లల ఒంటికి విషం, ఏడాది లోపు బిడ్డకు తేనె కూడా పనికిరాదు.

కడగడం గురించి చెప్తాను, సగం బాధ అక్కడే ఉంది. సబ్బు వద్దు, వాసన వచ్చే వైప్స్ అసలొద్దు. గోరువెచ్చని నీళ్లు మగ్గుతో మెల్లగా పోయాలి, లేకుంటే వెడల్పాటి టబ్బులో కూర్చోబెట్టు, రుద్దకుండా దొడ్డి దానంతటదే నానిపోతుంది. తర్వాత మెత్తని నూలు గుడ్డతో అద్దు, తుడవొద్దు. జింక్ క్రీము అతుక్కుని ఉంటే గీకి తీయనక్కర్లేదు, పైన మురికి పొర వరకు కొబ్బరినూనె దూదితో తీసేసి, దాని మీదే మళ్లీ పూయి. ప్రతిసారీ మొత్తం రుద్ది తీయడం వల్లే కొత్తగా వచ్చిన చర్మం కూడా ఊడిపోతుంది.

గాలి తగలడం అన్నిటికన్నా మంచి మందు, దీనికి రూపాయి ఖర్చు లేదు. పగలంతా డైపర్ తీసేయి, రబ్బరు షీటు మీద పాత నూలు దుప్పటి పరిచి పడుకోబెట్టు, పాకేవాడైతే ఇల్లంతా ఉచ్చ పోస్తాడు, పోయనీ, తుడుచుకుందాం. ఎండలో మాత్రం పడుకోబెట్టొద్దు, నీడలో గాలి చాలు. డైపర్ వేసినప్పుడు రెండు మూడు గంటలకొకసారి, దొడ్డికి పోతే వెంటనే మార్చు. డైపర్ల ధర నాకు తెలుసమ్మా, ఒక్కోటి ఇంకో గంట ఆగుతుందిలే అనిపిస్తుంది, అందుకే పగలు వద్దంటున్నాను, ఆ మిగిలినవి రాత్రికి వాడుకో.

మీ అత్తకు నా మాటగా చెప్పు, పౌడరు వద్దు. టాల్కమ్ పౌడరు చల్లేటప్పుడు లేచే దుమ్ము బిడ్డ ఊపిరితిత్తుల్లోకి పోతుంది, తడి తగిలితే మడతల్లో ఉండలు కట్టి ఇంకా గీరుతుంది. మీ అమ్మ చెప్పిన ఆముదం చెడ్డదేం కాదు, జింక్ ఆక్సైడు ఆముదం కలిపిన క్రీము పిల్లలకు ఎప్పటినుంచో వాడుతున్నదే. పసుపు మాత్రం పచ్చిగా ఉన్న చర్మం మీద వద్దు, మంట పుడుతుంది, ఎరుపు తగ్గిందో లేదో కూడా కనపడకుండా పోతుంది.

విరేచనాలు ఇంకా ఉంటే ముందు అవి ఆగాలి. ఓఆర్‌ఎస్ తాపుతూ, రోజుకు 20 మిల్లీగ్రాముల జింకు (పూసే క్రీము కాదు, నోటితో తాపే మందు) 14 రోజులు ఇవ్వాలి (ఆరు నెలల లోపు పిల్లలకైతే 10), మీ ఊరి ఆశా కార్యకర్తనో ఏఎన్‌ఎమ్‌నో అడుగు, పీహెచ్‌సీలో రెండూ ఊరికే ఇస్తారు. పాలు, పప్పన్నం మానిపించొద్దు. ఈసారి జలుబొస్తే యాంటీబయాటిక్ నిజంగా అవసరమా అని డాక్టరును అడుగు, మామూలు జలుబుకు అది పనిచేయదు.

ఇక ఇవి కనిపిస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పో: జ్వరం, చీము పొక్కులు, పసుపురంగు చెక్కు కట్టడం, నీటి బుడగలు, రక్తం కారే పుళ్లు, బిడ్డ మత్తుగా ఉండి పాలు తాగకపోవడం. మలద్వారం చుట్టూ మాత్రమే గీత గీసినట్టు బాగా ఎరుపు ఉండి, దొడ్డికి పోయేటప్పుడు నొప్పితో ఏడిస్తే అది బ్యాక్టీరియా, దానికి మందు వేరు. నోటి చుట్టూ, చేతుల మీద, కాళ్ల మీద కూడా ఇలాగే వచ్చి జుట్టు రాలుతుంటే ఒంట్లో జింకు లోపం ఉండొచ్చు, రక్తపరీక్ష చేయించాలి. అనంతపురం ప్రభుత్వ సర్వజనాసుపత్రిలో, కడప రిమ్స్‌లో, కర్నూలు పెద్దాసుపత్రిలో పిల్లల విభాగమూ చర్మ విభాగమూ రెండూ ఉన్నాయి. పోయేటప్పుడు ఆ ట్యూబు, ఆ సిరప్ సీసా సంచిలో వేసుకుని పో.

ప్రశ్న: అమ్మా, మాది ప్రొద్దుటూరు. నా మనవరాలికి నాలుగు నెలలు. డైపర్లు మంచివి కావని నేనే పట్టుబట్టి పాత చీరల గుడ్డలు కట్టిస్తాండాను. అయినా ఎర్రబడతాంది. డెట్టాల్ వేసి మరీ ఉతుకుతాం. కోడలేమో డైపరే మేలంటాది. ఎవరిది తప్పు?

జవాబు: ఇద్దరిదీ తప్పు లేదమ్మా, మీరిద్దరూ బిడ్డ కోసమే కదా పోట్లాడుకునేది. కానీ ఒక విషయం మీ కోడలి పక్కనే చెప్పాలి. ఇప్పటి డైపర్లలో ఉచ్చను పీల్చుకుని జెల్ లాగా చేసే పదార్థం ఉంటుంది, అందుకని తడిసిన గుడ్డకన్నా చర్మం పొడిగానే ఉంటుంది. గుడ్డ అయితే ఒక్కసారి ఉచ్చ పోసినా అప్పుడే మార్చాలి, ఇంట్లో ఒకరు దానికే కనిపెట్టుకుని ఉంటే గుడ్డ కూడా చాలా మంచిది. గుడ్డ మీద ప్లాస్టిక్ నిక్కరు తొడిగితే మాత్రం రెండిట్లో ఏ సుఖమూ లేదు.

మీ దగ్గర అసలు చిక్కు ఉతకడంలో ఉందనిపిస్తోంది. మన బోరు నీళ్లు గట్టి నీళ్లు, సబ్బు సరిగా నురగ రాదు, ఇంకొంచెం ఎక్కువ పెడతాం, అది గుడ్డలోనే ఉండిపోతుంది, దానికి తోడు డెట్టాల్. తడి తగలగానే ఆ రెండూ కలిసి పాప చర్మాన్ని కాలుస్తాయి. డెట్టాల్ మానేయండి, ఉతికినాక వాసన కోసం కలిపే కండిషనర్ నీళ్లలో ముంచడం కూడా వద్దు. దొడ్డి అంటిన గుడ్డల్ని విడిగా నానబెట్టి, సబ్బు తక్కువ పెట్టి, మూడు నాలుగు నీళ్లు మార్చి జాడించండి, ఆఖరి నీళ్లలో జారుడు ఉండకూడదు. కుళాయి నీళ్లు వచ్చే రోజుంటే ఆ నీళ్లు వీటికి దాచండి. మరిగే నీళ్లలో కాసేపు ఉంచి మన ఎండలో ఆరేస్తే చాలు. గట్టి నీళ్లకు, ఎండకు గుడ్డ అట్టలాగా బిరుసెక్కుతుంది, కట్టే ముందు రెండు చేతులతో నలిపి మెత్తబరచండి. వారంలో తేడా కనపడకపోతే తొడ సందులు విప్పి చూడండి, పైన తాడిపత్రి అమ్మాయికి రాసింది మీకూ వర్తిస్తుంది.

ప్రశ్న: రాష్ ఉన్నప్పుడు రాత్రి నిద్ర లేపి డైపర్ మార్చాలా? (ఆదోని నుంచి ఒక నాన్న)

జవాబు: దొడ్డికి పోయుంటే నిద్రలో ఉన్నా మార్చాలి నాయనా. ఒట్టి ఉచ్చే అయితే ప్రత్యేకంగా లేపొద్దు, రాత్రి పాలకు లేచినప్పుడు ఒకసారి మార్చండి. పడుకోబెట్టే ముందు జింక్ క్రీము మందంగా పూసి, డైపర్ ఒక సైజు పెద్దది, నడుము దగ్గర రెండు వేళ్లు పట్టేంత వదులుగా వేయండి. రాష్ పూర్తిగా తగ్గినాక ఉచ్చ కోసం అర్ధరాత్రి లేవాల్సిన పని లేదు.