బొమ్మల పుస్తకాలు పట్టుకెళ్లే ముందు

చిన్నీ,

వచ్చే నెల నుంచి నీ క్లాసులో తాతముత్తాతల కథలున్న బొమ్మల పుస్తకాలు చదివి వినిపిస్తావట కదా. ఒక్కో ఇల్లు ఒక్కోలా ఉంటుందని పిల్లలకి వాటితోనే చెబుతావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. పొంగిపోయాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

పుస్తకం ముందే నువ్వు రెండుసార్లు చదువుకో. బొమ్మ వెనక కూర్చున్నవాళ్లకీ కనబడాలి. ఇలాంటి పుస్తకాలు మామూలుగా 32 పేజీలే, గబగబా చదివితే పది నిమిషాల్లో అయిపోతాయి. అలా కానివ్వకు. బొమ్మ దగ్గర ఆగి "ఇక్కడేం జరుగుతోంది?" అని అడుగు. ఇవన్నీ నీకు తెలిసినవేలే.

తెలియనిది నేను చేసిన తప్పు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, దేశం వదిలి వచ్చిన ఒక అమ్మమ్మ కథ చదివాను. క్లాసులో అలాంటి కుటుంబం నుంచి వచ్చిన పిల్ల ఒకతే ఉంది. పుస్తకం మూసి, మహా ఉత్సాహంగా "ఇది మీవాళ్ల కథే కదమ్మా, లేచి మాకు చెప్పు" అన్నాను. ముప్పైమందీ ఒక్కసారి వెనక్కి తిరిగారు. ఆ పిల్ల లేచింది గానీ నోరు విప్పలేదు. గౌను అంచు వేలికి చుట్టుకుంటూ నిలబడిపోయింది. సిగ్గుపడుతోందనుకుని ఇంకోసారి అడిగాను, చూడు నా తెలివి! మర్నాటి నుంచి కథల పీరియడ్‌లో తలుపు పక్కకి వెళ్లి కూర్చునేది.

చాలా వారాల తర్వాత, ఎవరూ లేనప్పుడు వచ్చి చెప్పింది: "టీచర్, మా అమ్మమ్మ కథలు చెప్పదు. స్కూటర్ నడుపుతుంది."

పిల్లల పుస్తకాలు అద్దాలూ కావాలి, కిటికీలూ కావాలి అని 1990లో రుడీన్ సిమ్స్ బిషప్ అనే అమెరికన్ ప్రొఫెసర్ రాశారు. మనల్ని మనం చూసుకోవడానికి అద్దం, పక్కవాళ్ల బతుకు చూడటానికి కిటికీ. నేను ఆ పిల్లకి అద్దం ఇస్తున్నాననుకున్నాను. చేసిందేమో మిగతావాళ్లందరికీ ఆ పిల్లనే కిటికీగా నిలబెట్టడం.

అందుకే ఒక్క పుస్తకంతో సరిపెట్టకు. ఒకే చోటివాళ్లవి రెండు మూడు, వేరువేరుగా బతికేవాళ్లవి చూపించు. ఎవర్నీ పేరు పెట్టి లేపకు. వంశవృక్షం గీయమని అస్సలు చెప్పకు, ఇంట్లో అమ్మో నాన్నో లేని పిల్ల ఆ ఖాళీ గడిలో ఏం రాస్తుంది? "నీతో ఉండేవాళ్ల గురించి, చెప్పాలనిపిస్తే చెప్పు" అంటే చాలు. ఎవరూ చెప్పకపోతే టెన్షన్ పడకు.

మొదటి రోజు నీ కథే చెప్పు. మీ తాతయ్య ఉత్తరాల పెట్టె కథ బాగుంటుంది. ఆయన మీ అమ్మకి రాసిన ఉత్తరం సంగతి మాత్రం ముందు దాన్ని అడిగి చెప్పు. ఇప్పటికీ ఆ మాటెత్తితే లేచి వంటింట్లోకి వెళ్లిపోతుంది.

పెద్దమ్మ