మధ్యలో ఎవరున్నారు?

రాజమండ్రి

అమ్మాయీ,

ఆశీస్సులు. నీ కథ చేరింది, తీరిగ్గా చదివాను. ఏటి మధ్య లంకలో అరటి గెలలు పడవకెత్తే చోటు బాగా రాశావు. ఆ తల్లి మాటతీరు కూడా మన వైపు ఆడవాళ్లదే, ఎక్కడా పుస్తకం వాసన లేదు. ఎటొచ్చీ ఫోను దగ్గరే పేచీ.

కథ 1987లో జరిగిందని నువ్వే రాశావు. కూతురు కువైట్‌లో ఇంటిపనికి వెళ్లింది. తల్లి గోదావరి పాయ వసిష్ఠ మధ్య లంకలో ఉంటోంది. ఆవిడ మంచం మీద పడుకుని, ఫోను చెవి దగ్గర పెట్టుకుని, అల్లుడి తాగుడు సంగతి చెప్పుకుంటూ అరగంట ఏడ్చిందన్నావు. ఆ లంకలో ఫోను ఎవరింట్లో ఉంది? కువైట్ నుంచి అరగంట మాట్లాడితే ఆ పిల్ల జీతంలో ఏం మిగిలింది? ఆ ఏడుపు ఇంకెవరు విన్నారు? నీకు ఊహ తెలిసేసరికే ఇంటింటా సెల్లు ఉంది కాబట్టి ఇవేవీ నీకు తట్టి ఉండవు. కానీ కథని 1987లో పెట్టాక 1987 ఫోనే మోగాలి.

నేను కథలు రాయకముందు, దూరపు ఊళ్లకి ఫోన్లు కలిపే ట్రంక్ ఎక్స్ఛేంజీలో ఆపరేటర్నని నీకు తెలుసు కదా. చెవులకి హెడ్‌సెట్, ఎదురుగా బోర్డు, బోర్డు నిండా కన్నాలు, చేతిలో ప్లగ్గుల తీగలు. ఎవరైనా కాల్ బుక్ చేస్తే చీటీ మీద రెండు నంబర్లూ, టైమూ, ఆర్డినరీయా అర్జెంటా అన్నదీ రాసుకునేవాళ్లం. లైను దొరికేదాకా ఆ చీటీ అలా పడి ఉండేది. అది గంట కావచ్చు, పూట కావచ్చు. లైను దొరికి ఇటూ అటూ కలిపాక, మాట్లాడుతున్నారో లేదో చూడ్డానికి కీ నొక్కి వినేవాళ్లం. మూడు నిమిషాలు కాగానే ‘టైమ్ అయిందండీ, పొడిగించమంటారా?’ అని అడిగేవాళ్లం. ఆ మాట వినగానే సగం మంది అసలు సంగతి అప్పుడు మొదలుపెట్టేవారు. అంతసేపూ వానలూ, రొయ్యల రేటూ మాట్లాడి!

ఇంకోటి చెబుతాను, ఇది నీకు పనికొస్తుంది. లైను బలహీనంగా ఉండి ఒకళ్లది ఒకళ్లకి వినిపించకపోతే, మధ్యలో ఉన్న మాకు మాత్రం ఇద్దరిదీ వినిపించేది. ‘ఏవంటున్నారమ్మా?’ అని ఇవతలావిడ అడిగేది. ‘డబ్బు పంపించారంటండీ’ అని నేను చెప్పేదాన్ని. ‘ఎప్పుడొస్తారో అడగండి’ అనేది. అడిగేదాన్ని. అవతల మొగుడు కాసేపు మాట్లాడకుండా ఉండి, ‘సంక్రాంతికి కుదరదని చెప్పండి’ అనేవాడు. పెళ్లై ఏడాది కాని పిల్లకి ఆ మాట పరాయి గొంతుతో, నా గొంతుతో, వెళ్లేది. ఇద్దరు మనుషులు, మధ్యలో ఒక ఉద్యోగస్తురాలు. ఇంతకంటే పెద్ద కథావస్తువు వెతుక్కోనక్కర్లేదు.

అందుకే నీకు చెప్పాలనుకున్నది ఇదొక్కటే. కథలో ఫోను మోగించే ముందు, మాట్లాడే ఇద్దరూ కాక మూడో మనిషి ఎవరో తేల్చుకో. ఆ మనిషి లేని కాలం ఫోను చరిత్రలో దాదాపుగా లేదు.

నీ కథ మొదట్లో ఫోను కనిపెట్టిన గ్రాహంబెల్ గురించి అరపేజీ పెట్టావు. అది కథలోంచి తీసెయ్. లంకలో తల్లికి బెల్ ఎవరో తెలీదు, తెలియాల్సిన పనీ లేదు. వేరే వ్యాసంగా రాస్తానంటే మాత్రం ‘1876లో గ్రాహంబెల్ టెలిఫోన్ కనిపెట్టెను’ అని పిల్లల వాచకంలాగా మొదలుపెట్టకు. ఆయన చెవిటి పిల్లలకు చదువు చెప్పే మాస్టారు. తల్లికి వినికిడి సరిగా లేదు. ఆ తర్వాత పెళ్లాడిన మేబెల్‌కి చిన్నప్పుడే వినికిడి పోయింది. ఫోన్లో మాట వినలేని ఇద్దరాడవాళ్లకి దగ్గరి మనిషి చేతిలోంచి ఫోను వచ్చింది. ఇది తెలిశాక మార్చి 7న పేటెంట్ వచ్చిందన్న సంగతి ఎవడిక్కావాలి? అయినా రాయి, తేదీలు అడిగేవాళ్లుంటారు. మూడు రోజుల తర్వాత, మార్చి 10న, బోస్టన్‌లో ఆయన తీగ మీద పలికిన మొదటి మాట పక్క గదిలో ఉన్న సహాయకుడు వాట్సన్‌ని ఇలా రమ్మని పిలవడం. మాట వెళ్లింది, వాట్సన్ వచ్చాడు.

ఒక్కడే కనిపెట్టాడని కూడా రాయకు. ఆ ఏడాది ఫిబ్రవరి 14న పేటెంట్ ఆఫీసుకి బెల్ దరఖాస్తు అందిన రోజే ఎలీషా గ్రే అనే ఇంకో అమెరికా ఆయన కాగితాలూ అక్కడికే చేరాయి. అంతకుముందే జర్మనీలో ఫిలిప్ రైస్, ఇటలీ నుంచి అమెరికా వెళ్లిన మెయూచి ఇదే పని మీద ఉన్నారు. 2002లో అమెరికా ప్రతినిధుల సభ మెయూచిని గౌరవిస్తూ తీర్మానం చేస్తే, పది రోజులకే కెనడా పార్లమెంటు బెల్ మావాడంటూ ఇంకో తీర్మానం చేసింది. పొలం గట్టు తగాదా మన ఊళ్లోనే ఉందనుకుంటాం!

నాకిష్టమైన పేర్లు వేరే ఉన్నాయి. మొదట్లో ఎక్స్ఛేంజీల్లో కుర్రాళ్లని పెట్టారు. వాళ్లు ఫోను చేసినవాళ్లని తిట్టడం, ఆటలు పట్టించడం చూసి 1878 సెప్టెంబరులో బోస్టన్‌లో ఎమ్మా నట్ అనే ఆవిణ్ని కూచోబెట్టారు. మా వృత్తికి మూలపుటమ్మ ఆవిడే. రెండో పేరు స్ట్రౌజర్. శవాలకు ఏర్పాట్లు చేసే వ్యాపారం ఆయనది. తనకు రావాల్సిన కాల్స్‌ని ఆపరేటరు పోటీవాడికి కలిపేస్తోందని అనుమానపడి, అసలు ఆపరేటరే అక్కర్లేని యంత్రం చేశాడంటారు. దానికి 1891లో పేటెంట్ వచ్చింది. మధ్యలో మనిషిని తీసెయ్యాలన్న కసిలోంచి ఆటోమేటిక్ ఎక్స్ఛేంజీ పుట్టిందన్నమాట. మా మీద అంత కోపం ఎందుకో గానీ, ఆయన అనుమానంలో కథ ఉంది.

మన దేశంలో 1882లోనే కలకత్తా, బొంబాయి, మద్రాసుల్లో ఎక్స్ఛేంజీలు తెరిచారు. అక్కణ్నుంచి లంకల దాకా రావడానికి నూరేళ్లు పట్టింది. 1984లో ప్రభుత్వం ఫోన్ల పరిశోధనకి పెట్టిన సీ-డాట్ వాళ్లు ఏసీ అక్కర్లేకుండా, ఎండకీ దుమ్ముకీ తట్టుకునే 128 లైన్ల చిన్న ఎక్స్ఛేంజీ తయారుచేశాక పల్లెలకి డయల్ టోన్ రావడం మొదలైంది. నీ కథ 1987 అంటే, నీ లంకకి అదింకా రాలేదనుకో.

ఇప్పుడు నీ తల్లి దగ్గరికి వద్దాం. ఫోను అవతలి గట్టున రైసుమిల్లు వాళ్లింట్లో ఉంది. ఊళ్లో సగం మంది ఉత్తరాల మీద ఆ నంబరే రాసి పక్కన పి.పి. అని పెట్టేవాళ్లు, అంటే ఫలానావాళ్లని పిలిచిపెట్టమని. కూతురు ముందుగా ఉత్తరం రాస్తుంది, ఫలానా శుక్రవారం రాత్రి ఎనిమిదింటికి చేస్తానని. ఆ ఉత్తరం అందడానికే రెండు వారాలు. తల్లి మంచి చీర కట్టుకుని, చీకటి పడకముందే రేవు దాటి, మిల్లు వాళ్ల వసారాలో కూచుంటుంది. లోపల టీవీ నడుస్తోంది. వాళ్ల కోడలు ‘కాఫీ తాగుతావా పిన్నీ?’ అని అడుగుతుంది. ఈవిడ వద్దంటుంది, ఎందుకంటే ఫోను వాడుకోవడమే ఒక మొహమాటం.

ఫోను మోగుతుంది. అంత దూరం కాబట్టి గట్టిగా అరవాలనుకుంటుంది తల్లి. ఉపగ్రహం మీంచి వచ్చే కాల్ భూమికి 36,000 కిలోమీటర్ల ఎత్తుకెళ్లి దిగాలి. ఒక మాట చేరడానికి పావు సెకను, జవాబు రావడానికి ఇంకో పావు. ఆ అర సెకను ఖాళీ చూసి ఇద్దరూ అవతలివాళ్లు ఆగారనుకుంటారు, ఇద్దరూ ఒకేసారి మొదలుపెడతారు, ఇద్దరూ ఒకేసారి ఆపేస్తారు. ‘నువ్వు చెప్పమ్మా’, ‘కాదు నువ్వు చెప్పు’. ఉన్న మూడు నిమిషాల్లో ఒకటి దీనికే పోతుంది. అల్లుడి సంగతి ఎక్కడ చెప్పగలదు? మిల్లు వాళ్ల ముసలాయన వాలుకుర్చీలో ఉన్నాడు, టీవీ సౌండు కూడా తగ్గించారు. ‘అందరం బానే ఉన్నాం. మీ ఆయన కూడా బానే ఉన్నాడు. నువ్వు వేళకి తిను’ అంటుంది. నీ అరగంట ఏడుపు కంటే ఈ మాట బరువు, నువ్వే రాసి చూసుకో.

తర్వాత కాలాలు కూడా ఇలాగే పట్టుకోవచ్చు. డబ్బులిచ్చి వేరే ఊళ్లకి మాట్లాడుకునే ఎస్టీడీ బూతు వచ్చాక గాజు తలుపు వచ్చింది గానీ, మీటరు వైపు చూస్తూ బయట కూచున్నవాడు అన్నీ వినేవాడు. రాత్రి పదకొండు దాటితే పావు రేటు కాబట్టి ఆ వేళకి లైనులో నిలబడ్డవాళ్లూ వినేవాళ్లు. 1996 నవంబరు 6 తుపానుకి కోనసీమలో కొబ్బరిచెట్లతో పాటు స్తంభాలూ కూలాయి. గల్ఫ్‌లో ఉన్న ఆడవాళ్లు ఇంటివాళ్లు బతికున్నారో లేదో తెలీక ఎలా గడిపారో ఎవరైనా కథ రాయాలి. నువ్వు రాస్తే సంతోషం.

సెల్లు వచ్చాక అయినా మూడో మనిషి పోలేదు. 1973లో మోటొరోలా ఇంజినీరు మార్టిన్ కూపర్ న్యూయార్క్ వీధిలో నిలబడి సెల్లులో మొట్టమొదట ఫోను చేసింది పోటీ కంపెనీ ఇంజినీరుకి, తామే ముందు సాధించామని చెప్పడానికి! మన దేశంలో 1995 జులై 31న అప్పటి బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు సెల్లులో మాట్లాడిన మొదటి కాల్ తర్వాత కూడా చాన్నాళ్లు ఎత్తినవాడికీ డబ్బులే. అందుకే మిస్డ్ కాల్ భాష పుట్టింది. ఒక రింగైతే చేరానని, రెండైతే బయల్దేరానని. ఇప్పుడు ఐమో అనే వీడియో కాల్ యాప్‌లో కూతురి మొహం కనిపిస్తుంది, వెనక ఆ ఇంటి యజమానురాలు అటూ ఇటూ తిరగడమూ కనిపిస్తుంది. ఇటువైపు అల్లుడు స్పీకర్ పెట్టి వింటూంటాడు. వాయిస్ మెసేజ్ ఎవరికి ఫార్వర్డ్ అవుతుందో తెలీదు. 2022 మే నెలలో కోనసీమలో ఇంటర్నెట్ ఆపేసినప్పుడు సాఫ్ట్‌వేర్ పిల్లలు ల్యాప్‌టాప్‌లు పట్టుకుని సిగ్నల్ కోసం గోదావరి గట్లకి వెళ్లారు. దాన్ని ఇంకో కథకి దాచుకో, ఇందులో కలపకు.

తిరగరాసేటప్పుడు నాకు ఫోను చేసి సందేహాలు అడగొద్దు. మీ ఊళ్లో ఎస్టీడీ బూతు నడిపినాయన ఇప్పుడు జెరాక్స్ షాపు పెట్టుకున్నాడని రాశావుగా, ఆయన దగ్గరికి వెళ్లు. గిరాకీ లేని మధ్యాహ్నం పూట వెళ్లి, ‘మీరు వినకూడనివి ఏం విన్నారండీ?’ అని అడుగు. ముందు ఏమీ వినలేదంటాడు. టీ తెప్పించి కూచో.

ఇట్లు,
మీ పిన్ని