వేజ్‌లో పూలు వాడిపోకుండా: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: పెళ్లిరోజుకు వచ్చిన బొకే విప్పి గులాబీలను వేజ్‌లో పెట్టాం. మర్నాటికే తలలు వాల్చేశాయి. రేకలు చూస్తే తాజాగానే ఉన్నాయి. నీళ్లు రోజూ మారుస్తున్నాం. కారణమేంటి?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: రేకలు బాగుండి మెడ వాలిందంటే పువ్వుకు వయసైపోలేదు, నీళ్లందడం లేదు. కాడ కోయగానే అందులోని సన్నటి గొట్టాల్లోకి గాలి దూరుతుంది. ఆపైన నీళ్లలో పెరిగే బ్యాక్టీరియా కోసినచోట జిగురులా పేరుకుంటుంది. ఇక వేజ్ నిండా నీళ్లున్నా పైకెక్కవు. అందుకే నీళ్లు మార్చి ఊరుకుంటే లాభం లేదు, కాడ మళ్లీ కోయాలి.

బకెట్‌లో గోరువెచ్చటి నీళ్లు పోసి, కాడ చివర నీళ్లలో మునిగి ఉండగానే పదునైన చాకుతో 2–3 సెంటీమీటర్లు ఏటవాలుగా కోయండి. మొద్దు కత్తెరతో కోస్తే గొట్టాలు నలిగిపోతాయి. తర్వాత పూలను న్యూస్‌పేపర్‌లో మెడ నిటారుగా నిలిచేట్టు చుట్టి, లోతైన నీళ్లలో గంటా రెండు గంటలు నీడన ఉంచండి. చాలామటుకు లేస్తాయి. మరీ లేత మొగ్గలుగా కోసినవి మాత్రం లేవకపోవచ్చు. వాటి తలలు తుంచి వెడల్పాటి గిన్నెలో నీళ్ల మీద తేలేయడమే.

వేజ్‌లోకి ఈ నీళ్లు కలుపుకోండి: లీటరు నీళ్లకు పావు టీస్పూను ద్రవ బ్లీచ్ (బట్టలు తెల్లబరిచేది), 2 టీస్పూన్ల పంచదార, 2 టీస్పూన్ల నిమ్మరసం. ఒట్టి పంచదార వేస్తే పువ్వుకన్నా ముందు బ్యాక్టీరియాకే విందు. దాన్ని అదుపులో పెట్టడానికే బ్లీచ్. నీళ్లు కాస్త పుల్లగా ఉంటే కాడలోకి తేలిగ్గా ఎక్కుతాయి, నిమ్మరసం అందుకు. జాగ్రత్త: బ్లీచ్‌నూ నిమ్మరసాన్నీ నేరుగా కలిపితే విషవాయువు వస్తుంది. ముందు లీటరు నీళ్లలో బ్లీచ్ వేసి కలిపాకే మిగతావి వేయాలి. బోరు నీళ్లు ఉప్పగా, కఠినంగా (సబ్బు నురగ రానట్టు) ఉంటే తాగే ఫిల్టర్ నీళ్లు వాడండి.

రెండు రోజులకోసారి నీళ్లు పారబోసి, వేజ్‌ను సబ్బుతో తోమి, కాడ మరో సెంటీమీటరు కోయండి. నీళ్లలో మునిగే ఆకు ఒక్కటి కూడా ఉండకూడదు. కుళ్లేది ముందు అదే.

ప్రశ్న: జెర్బెరా పూల కాడలు మూడో రోజుకే మెత్తబడి వంగిపోతున్నాయి, నీళ్లు కంపు కొడుతున్నాయి.
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: వేజ్ నిండా నీళ్లు పోస్తున్నట్టున్నారు. జెర్బెరా కాడ మెత్తన, పైగా నూగు. మునిగినంత మేరా కుళ్లుతుంది. 5–7 సెంటీమీటర్ల నీళ్లు, రెండు చుక్కల బ్లీచ్ చాలు. లిల్లీ కాడలకు (నేలసంపెంగ) మాత్రం పైన చెప్పిన పంచదార నీళ్లే మంచివి. వాటికి తిండి అందితేనే పై మొగ్గలు విచ్చుతాయి. కింద వాడిపోయిన పూలు ఎప్పటికప్పుడు తుంచేయండి.

ప్రశ్న: వేజ్‌లో రూపాయి బిళ్ల, ఆస్పిరిన్ వేస్తే పూలు నిలుస్తాయంటారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, నల్గొండ

జవాబు: రాగి బిళ్లల కాలంలో పుట్టిన మాట అయ్యుంటుంది. ఇప్పటి రూపాయి స్టెయిన్‌లెస్ స్టీలు. ఆస్పిరిన్ నీళ్లను కాస్త పుల్లబరుస్తుంది, ఆ పని నిమ్మకాయ చేస్తుంది. వీటికన్నా వేజ్ పక్కనుంచి పండ్ల బుట్ట తీసేయండి. మాగే మామిడి, అరటి, సపోటా వదిలే ఎథిలీన్ వాయువుకు కార్నేషన్ పూలు తొందరగా ముడుచుకుపోతాయి.

ప్రశ్న: శుక్రవారం పూజకు గురువారమే మల్లెమొగ్గలు తెచ్చుకుంటాం. ఫ్రిజ్‌లో పెడితే గోధుమరంగుకు తిరుగుతున్నాయి.
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: తడి ఎక్కువవుతోంది. మొగ్గల మీద నీళ్లు చల్లకండి, కడగకండి. నూలుగుడ్డను తడిపి, చుక్క కారకుండా గట్టిగా పిండి, మొగ్గలను వదులుగా చుట్టి, మూతున్న స్టీలు డబ్బాలో పెట్టండి. మూత ఉంటే ఫ్రిజ్‌లోని పండ్ల గాలి కూడా తగలదు. ఫ్రీజర్ గోడకు ఆనకుండా కింది అరలో ఉంచి, మాల కట్టడానికి గంట ముందు బయటకు తీయండి. అప్పటికే విచ్చిన పూలు వేరు చేసి ఆ సాయంత్రమే వాడేయండి, అవి తెల్లారేదాకా ఆగవు.