పాత కాలనీనా, కొత్త శివారా: ఇంటి ధర ఎక్కడ పెరుగుతుంది?

పాత కాలనీలో చిన్న ఇల్లా, శివారులో పెద్దదా అన్నది తేలకపోవడానికి కారణం, అమ్మేవాళ్లు చెప్పే ధరలనే పోల్చడం. పెరిగేది నేల విలువ, కట్టడం ఏటా తరుగుతుంది.

1. రెండింటి ధరలోనూ స్థలం వాటా ఎంతో విడదీయండి.

2. చాలామంది వదిలేసేది ఇదే: శివారులో ఇంకా ఎంత ఖాళీ స్థలం మిగిలిందో చూడండి. పక్కనే బిల్డర్ కొత్తవి అమ్ముతున్నంతకాలం మీ అయిదేళ్ల పాత ఇంటిని తగ్గించే అడుగుతారు. అందుకే బిల్డర్ రేటు వదిలేసి, అక్కడ ఒకసారి కొని మళ్లీ అమ్మిన ఇళ్ల రిజిస్ట్రేషన్ ధరలు తీయండి. అలాంటి అమ్మకాలే లేకపోతే అదీ ఒక జవాబే: అక్కడ మళ్లీ అమ్మడం కష్టం కావచ్చు.

3. రైలు, రోడ్డు వస్తుందంటే పని మొదలైందా అని చూడండి. మ్యాప్‌లో గీతకు డబ్బు కట్టొద్దు.

అయిదేళ్లలోపు అమ్మాల్సి వస్తే పాత కాలనీ. పదేళ్లు ఆగగలిగితే, ఖాళీ స్థలం అయిపోవస్తున్న శివారు.