పార్కిన్సన్స్‌కు పాలియేటివ్ కేర్ ఎప్పుడు మొదలుపెట్టాలి?

హనుమకొండలో ఉంటున్న మీ నాన్నగారికి పార్కిన్సన్స్ (కదలికలను దెబ్బతీసే నరాల జబ్బు) ఉందని, పాలియేటివ్ కేర్ (బాధలు తగ్గించే ఉపశమన చికిత్స) అంటే ఆశ వదులుకోవడమేనా అని అడిగారు. కానే కాదు, లెవోడోపా వంటి మందులు వాడుతూనే నొప్పి, మలబద్ధకం, దిగులు తగ్గించేందుకు దాన్ని ఏ దశలోనైనా మొదలుపెట్టవచ్చు. ఇష్టంగా తినే సర్వపిండి ముక్క బుగ్గలోనే ఉండిపోతున్నా, మంచినీళ్లు తాగగానే పొలమారుతున్నా వెంటనే డాక్టరుకు చెప్పండి, ఎందుకంటే ఊపిరితిత్తుల్లోకి జారిన ఆహారం న్యుమోనియాకు దారితీయవచ్చు.

మాట సన్నగిల్లకముందే, మతిమరుపు ముదరకముందే, గొట్టం ద్వారా ఆహారం, వెంటిలేటర్ కావాలో వద్దో, తన తరఫున ఎవరు నిర్ణయించాలో ఆయననే అడగండి. మందు బాగా పనిచేస్తున్న వేళ, తొందరపెట్టకుండా అడగడం నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం. సుప్రీంకోర్టు 2018లో గుర్తించి, 2023లో సరళం చేసిన లివింగ్ విల్ (చికిత్సపై ముందుగానే రాసిపెట్టే కోరికల పత్రం) విధానం ప్రకారం ఆ కోరికలను రాసి, ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసి, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి చేత ధ్రువీకరింపజేయాలి. ఆసుపత్రిలో చేర్చినప్పుడు మందుల వేళలు రాసిన చీటీ కూడా ఇవ్వండి.